ఈకో క్యాంపర్ అమ్మకం: ఆరు వారాల డైరీ

సెప్టెంబరు 6, 2025, శనివారం. మీటరు 61,482 కి.మీ.

నిన్న రాత్రి భోజనాల దగ్గర తేల్చేశాం. బండి అమ్ముతున్నాం.

2018లో కొత్తగా కొన్న మారుతీ ఈకో. ఐదు సీట్లది, ఏసీ ఉంది, పెట్రోలు, బీఎస్‌-4. మూడేళ్లు మామూలు బండిలాగే వాడాం. 2021లో కరోనా రెండో వేవ్ తగ్గాక లోపల మంచం వేసి, వెనక డిక్కీలో సొరుగు వంటిల్లు పెట్టి, లిథియం బ్యాటరీ కట్టి క్యాంపర్ చేసుకున్నాం. గండికోట, హార్స్‌లీ హిల్స్, లంబసింగి, మారేడుమిల్లి, సూర్యలంక, శ్రీశైలం. నాలుగేళ్లలో 83 రాత్రులు అందులోనే పడుకున్నాం. మంచం వెడల్పు 4 అడుగులు. అప్పుడు పాపకి ఐదేళ్లు, మా ఇద్దరి మధ్య ఇమిడిపోయేది. ఇప్పుడు తొమ్మిది. మొన్న వేసవిలో మా ఆయన రెండు రాత్రులు బయట మడత కుర్చీలోనే తెల్లవార్చారు. బండిలో లోపం ఏమీ లేదు, మాకే చాలడం లేదు.

అమ్మే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలకూ కంపెనీ ఇచ్చిన రూపానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. ఏఐఎస్‌-124 ప్రమాణం ప్రకారం మోటార్ క్యారవాన్‌గా అనుమతి పొందిన బండ్ల సంగతి వేరు. మాది ఆర్‌సీలో ఐదు సీట్ల కారు, అంతే. అందుకే 2021లోనే మా ఆయనా నేనూ ఒక నియమం పెట్టుకున్నాం: బాడీకి కొత్త రంధ్రం ఒక్కటి కూడా పెట్టకూడదు. మంచం, వంటిల్లు, బ్యాటరీ పెట్టె అన్నీ కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకే బిగించాం. వెనక సీటు, దాని బెల్టుల బకిల్స్ బట్టలో చుట్టి మేడ మీద గదిలో దాచాం. బోల్టులు హార్లిక్స్ సీసాలో ఉన్నాయి.

కాబట్టి అమ్మేది రెండు వస్తువులు. ఒకటి ఆర్‌సీలో ఉన్నట్టే ఉండే ఐదు సీట్ల ఈకో. రెండోది విడిగా తీసి ఇవ్వగలిగిన క్యాంపర్ సామాను. రెండింటికీ వేర్వేరు ధర, వేర్వేరు రసీదు.

సెప్టెంబరు 7, ఆదివారం

పొద్దున్నుంచి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. బండి కొన్న రోజు నుంచీ పోసిన ప్రతి లీటరు పెట్రోలు, చేయించిన ప్రతి సర్వీసు ఇందులో ఉన్నాయి. 10,000 కి.మీ.కి ఒకసారి సర్వీసు, ఒక్కటీ తప్పలేదు. 48,200 దగ్గర క్లచ్ ప్లేటు మార్చాం. 52,000 దగ్గర నాలుగు టైర్లు. కిందటి ఏడాది స్టార్టింగ్ బ్యాటరీ. మైలేజీ మొదట్లో సగటున 15.1, ఇప్పుడు 14.5. బంకుల్లో ఈ20 పెట్రోలే (20 శాతం ఇథనాల్ కలిపినది) దొరుకుతున్నప్పటి నుంచి ఈ తగ్గుదల కనిపిస్తోంది. 2018 బండి ఆ పెట్రోలు కోసం తయారైంది కాదు కాబట్టి కొనేవాళ్లు అడుగుతారు. ఇంధన పైపులు ఈ నెల సర్వీసులో చూపించాను, పగుళ్లు లేవు, తడి లేదు. అదే చెబుతాను.

క్యాంపర్ చేయడానికి అయిన ఖర్చు కూడితే 1,08,200 వచ్చింది. లిథియం బ్యాటరీకే 34,000. మడత సోలార్ ప్యానెల్ 11,000. వడ్రంగి చారిగారి కూలి 14,000. మా ఇద్దరి వారాంతాలు దాదాపు ఆరు నెలలు.

ఆ డబ్బంతా తిరిగి రాదు. మా ఆయన లక్ష అడుగుదామన్నారు. నేను ఒప్పుకోలేదు. పరుపు ఫోం నాలుగేళ్లు నలిగింది. ప్లైవుడ్ మీద గీతలున్నాయి. కొనేవాళ్లు కొనేది మిగిలిన ఆయుష్షునే. మేం పడ్డ కష్టానికి వాళ్లెందుకు డబ్బివ్వాలి? ఒక్కో వస్తువు పక్కన ఇంకెన్నేళ్లు పనిచేస్తుందో రాసుకుంటూ పోతే మొత్తం 60,000 తేలింది. బండికి ఇద్దరు డీలర్లు ఫోన్లోనే 2,70,000, 2,90,000 అన్నారు. మేం 3,10,000 పెట్టాం. రెండూ కలిపి 3,70,000.

పితృపక్షాలు మొదలవుతున్నాయి. పెత్రమాస దాటేదాకా ఎవరూ బండి ముట్టరు. ఈ రెండు వారాలూ బాగుచేసుకోవడానికే.

సెప్టెంబరు 12, శుక్రవారం

రాత్రి కుండపోతగా వాన. పొద్దున డిక్కీ తెరిచి చూస్తే ఎడమ మూల ప్లైవుడ్ చల్లగా తగిలింది. వేలు పెట్టి నొక్కితే తడి.

గుండె జారిపోయింది. ఈ మూలతో మాకు పాత పరిచయం ఉంది. 2023 వానల్లో ఇక్కడే నీళ్లు చేరి ప్లైవుడ్ అంచు నల్లబడి ఉబ్బింది. డిక్కీ డోరు రబ్బరు బీడింగ్ కొత్తది వేయించాం. అక్కడితో సరిపోయిందనుకున్నాం. రెండేళ్లుగా వానల్లో బండి షెడ్డులోనే ఉంది కాబట్టి మళ్లీ బయటపడలేదు. ఈ వారం శుభ్రం చేయడానికని బయట నిలిపాం.

సెప్టెంబరు 13, శనివారం

రోజంతా ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో వెతకడమే పని.

ముందు బీడింగ్. వార్తాపత్రికను రెండంగుళాల పట్టీలుగా చింపి, ఒక్కోదాన్ని డోరు అంచున పెట్టి డోరు మూసి లాగాను. బీడింగ్ వదులుగా ఉన్నచోట కాగితం జారి వచ్చేస్తుంది, గట్టిగా ఉన్నచోట చిరుగుతుంది. చుట్టూ పద్నాలుగు చోట్ల పెట్టాను. పద్నాలుగూ చిరిగాయి. అంటే బీడింగ్ తప్పు లేదు.

తర్వాత పైపుతో నీళ్లు. మా ఆయన బయట పైపు పట్టుకున్నారు, నేను లోపల టార్చిలైటుతో పడుకున్నాను. కింద నుంచి పైకి రావాలి, ఒక్కోచోట ఐదు నిమిషాలు ఆగాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా జారి ఏది దేనివల్లో తెలియదు. బంపరు దగ్గర ఏమీ లేదు. నంబరు ప్లేటు దగ్గర ఏమీ లేదు. ఎడమ బ్యాక్ లైటు దగ్గరికి రాగానే లోపల రేకు మీద సన్నటి మెరుపు కనిపించింది. లైటు వైర్లు లోపలికొచ్చే రంధ్రం కింది అంచు నుంచి ఒక్కో చుక్కా వచ్చి, రేకు మడత మీద ఒక క్షణం ఆగి, వెనక మూలకి జారుతోంది. చుక్కకీ చుక్కకీ మధ్య లెక్కపెట్టాను, ఏడు సెకన్లు.

లైటు విప్పాం. వెనక నీళ్లు చొరబడకుండా ఉండే ఫోం గాస్కెట్ ఒకవైపు మడతపడి నలిగిపోయి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. 2022లో పార్కింగ్‌లో ఎవరో వెనక నుంచి గుద్దితే బంపరుకి సొట్ట పడింది, ఆ లైటు పగిలింది. ఒక గ్యారేజీలో బంపరు సరిచేయించి లైటు కొత్తది వేయించాం. బిగించేటప్పుడు గాస్కెట్ మడతపడిందని ఎవరూ చూడలేదు, మేమూ చూసుకోలేదు. అంటే 2023లో బీడింగ్‌కి పెట్టిన 1,900 వృథా.

పాత గాస్కెట్ గీరేసి, రేకును స్పిరిట్‌తో తుడిచి, చుట్టూ బ్యుటైల్ టేపు వేసి లైటు బిగించాం. మళ్లీ పదిహేను నిమిషాలు నీళ్లు కొట్టాం. చుక్క లేదు. లోపల రేకు మీద గోధుమరంగు తుప్పు మరక చేతివేలంత ఉంది. గరుకు కాగితంతో రుద్దితే కింద లోహం గట్టిగానే ఉంది. ప్రైమర్ కొట్టి ఆరబెట్టాను. ముందు, తర్వాత ఫొటోలు తీశాను.

సెప్టెంబరు 14, ఆదివారం

చారిగారు వచ్చారు. 2021లో మంచం చేసింది ఆయనే. నల్లబడ్డ మూలలో స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూశారు. అంచు నుంచి రెండంగుళాల దాకా మెత్తగా దిగింది, ఆ తర్వాత టక్కున ఆగింది. "ఐఎస్ 710 ప్లైవుడ్ వెయ్యబట్టి ఈ మాత్రం నిలబడిందమ్మా. మామూలుదైతే పొరలు పొరలుగా ఊడొచ్చేది" అన్నారు. అప్పట్లో ఖర్చు ఎక్కువని మేం వెనకాడితే, బండిలో మెరైన్ ప్లైవుడ్డే వెయ్యాలని పట్టుబట్టింది కూడా ఆయనే.

రెండు దారులు చెప్పారు. సన్‌మైకా పట్టీ అంటిస్తే గంటలో అయిపోతుంది, కొత్తదానిలా కనిపిస్తుంది. లేదా తొమ్మిది అంగుళాల ముక్క కోసేసి కొత్త ముక్క అతికించాలి. అలా చేస్తే అతుకు కనిపిస్తుంది.

మా ఆయన మొదటిదానికే మొగ్గారు. నాకు మనసొప్పలేదు. ఆ పట్టీ కింద మెత్తటి చెక్క ఉందని నాకు తెలుసు. వచ్చే ఏడాది అది ఊడినప్పుడు కొన్నవాళ్లు మమ్మల్ని తలుచుకుంటారు, ఏమని తలుచుకుంటారో కూడా తెలుసు. కోయించాను. చారిగారు సగం మందం కింద, సగం మందం పైన వచ్చేలా మెట్టు కోసి, జిగురు వేసి, నాలుగు మరలు బిగించారు. గట్టిగా ఉంది. అతుకు గీత మాత్రం సన్నగా కనిపిస్తుంది, కొత్త ముక్క రంగు కొంచెం తెల్లగా ఉంది. కూలి 900.

సెప్టెంబరు 18, గురువారం

సెలవు పెట్టి బ్యాటరీ పరీక్ష చేశాను. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్సు నాలుగు, ఒక్కోటి 3.2 వోల్టులు, కలిపితే 12.8. వంద ఆంపియర్ అవర్లు. కొత్తలో ఉన్న శక్తి 1,280 వాట్ అవర్లు. నాలుగేళ్ల తర్వాత ఇప్పుడెంత అంటే ఊహించి చెప్పకూడదు, కొలిచి చెప్పాలి.

నిన్న రాత్రే పూర్తిగా ఛార్జి చేశాను. పొద్దున 9:40కి రెండు పాత హెడ్‌లైట్ బల్బులు కలిపాను, ఒక్కోటి 55 వాట్లు. అవి బాగా వేడెక్కుతాయి కాబట్టి చెక్క మీద పెట్టకుండా వాకిట్లో షాబాదు బండ మీద, చుట్టూ ఇటుకలు పేర్చి పెట్టాను. మీటరు 9.4 ఆంపియర్లు చూపించింది. గంట గంటకీ వోల్టేజీ రాసుకున్నాను. మధ్యాహ్నం దాకా 13 చుట్టూనే కదలకుండా ఉంది. ఈ రకం బ్యాటరీలు అంతే, చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా దిగుతాయి. అందుకే వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, మొత్తం ఖాళీ చేసి చూడాల్సిందే. రాత్రి 7:40కి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కట్ చేసింది. బల్బులు ఆరిపోయాయి. సరిగ్గా పది గంటలు. 94 ఆంపియర్ అవర్లు.

నాలుగేళ్లలో ఆరు తగ్గింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎండలో ఆపినప్పుడు కిటికీలకి అల్యూమినియం షీటు మూతలు పెట్టడం, ఇంట్లో ఉన్న రోజుల్లో సగం ఛార్జితోనే ఉంచడం, ఈ రెండూ ఎప్పుడూ తప్పించలేదు. ఇవాళ్టి కాగితం నోట్‌బుక్‌లో అంటించాను.

సెప్టెంబరు 20, శనివారం

సామానంతా విప్పాం. మంచం మూడు పలకలు, వంటింటి సొరుగు, బ్యాటరీ పెట్టె, నీళ్ల క్యాను, పంపు. వీధి చివర పాత సామాన్ల కొట్టులో కాంటా మీద పెట్టి తూచాం. అంతా కలిపి 88 కేజీలు. సామాను ఎక్కించినప్పుడు, దించినప్పుడు బండి ఎత్తులో తేడా ఎంతో స్కేలుతో కొలిచి అదీ రాశాను.

తర్వాత వెనక సీటు బిగించాం. సీసాలోని బోల్టుల్లో ఒకటి తుప్పు పట్టింది, కొత్తది తెచ్చాం. బండి రేకులోని మరల్లో దుమ్ము పేరుకుంది. బ్రష్షుతో రుద్ది, డబ్ల్యూడీ-40 కొట్టి, ముందు చేత్తో తిప్పి సాఫీగా దిగిందని చూసుకున్నాకే పానా పెట్టాం. సీటు బెల్టులు రెండూ లాగి చూశాం. నాలుగేళ్ల తర్వాత పాప వెనక సీట్లో కూర్చుని, "ఇది మన బండేనా?" అంది.

ఫొటోలు రెండు రకాలు తీశాం. సీటుతో ఎలా ఉంటుందో, మంచంతో ఎలా ఉంటుందో. ఉదయం ఎనిమిదింటికి నీడలో తీశాం. అతుకు మూల, ఎడమ స్లైడింగ్ డోరు మీద గేటు గీసిన గీత, బంపరు మీద రంగు తేడా, వీటికి దగ్గర ఫొటోలు విడిగా. ప్రకటనలో రాసింది ఇది:

"మారుతీ ఈకో 2018, మొదటి యజమాని, తెలంగాణ రిజిస్ట్రేషన్, 61,500 కి.మీ. ఆర్‌సీ ప్రకారం ఐదు సీట్లు, సీటు బిగించే ఉంది. దాంతోపాటు విడిగా క్యాంపర్ సామాను: మంచం పొడవు 5 అడుగుల 8 అంగుళాలు, అంతకంటే పొడవైనవాళ్లు ఐమూలగా పడుకోవాలి. బ్యాటరీ కొలిచి చూస్తే 94 ఆంపియర్ అవర్లు. 2022లో వెనక నుంచి చిన్న దెబ్బ తగిలింది, దానివల్ల వచ్చిన నీటి కారుడు ఈ నెల సరిచేశాం, చెక్క ముక్క మార్చాం, ఫొటో చూడండి. ముందు సీట్ల కింద ఇంజిన్ ఉంటుంది కాబట్టి వేసవిలో మధ్యాహ్నం సీటు వేడెక్కుతుంది. సర్వీసు లెక్కలన్నీ ఉన్నాయి. మీ మెకానిక్‌ని తీసుకురండి."

సెప్టెంబరు 24, బుధవారం

నాలుగు రోజుల్లో 31 ఫోన్లు. సగం మంది మొదటి మాటే "లాస్ట్ ప్రైస్ ఎంత?" చూడకుండా ధర చెప్పనన్నాను. బ్రోకర్లు ఆరుగురు. స్కూలు పిల్లల్ని తిప్పడానికి బండి మాత్రం కావాలని ఒకాయన అడిగారు. మాది ప్రైవేటు రిజిస్ట్రేషన్ అని చెప్పి వద్దన్నాను. విజయవాడ నుంచి ఒక కుర్రాడు చాలా ఇష్టంగా మాట్లాడాడు. కానీ ఆంధ్రాకి తీసుకెళ్లాలంటే ఇక్కడ ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి, అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క విన్నాక నీరసపడిపోయాడు.

అందరూ ఎత్తింది మాత్రం జీఎస్టీ మాట. ఈ 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ఈకో అందులోకే వస్తుంది. కొత్త బండే అంత తగ్గినప్పుడు పాతదానికి పాత ధర ఎందుకిస్తారు? మాట న్యాయమైనదే. రాత్రి కూర్చుని బండి ధర 2,90,000కి దించాం. సామాను ధర దించలేదు, దానికీ కారు పన్నుకీ సంబంధం లేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

హనుమకొండ నుంచి ఒక దంపతులు వచ్చారు. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. వెంట మేనల్లుడు, అతనే మెకానిక్.

అబ్బాయి గంటన్నర చూశాడు. చల్లటి ఇంజిన్‌తోనే స్టార్ట్ చేయాలని ముందే ఫోన్లో చెప్పాడు కాబట్టి పొద్దున్నుంచి బండి కదపలేదు. ఆయిల్ మూత తీసి చూశాడు, పొగ చూశాడు, కింద పడుకుని సైలెన్సరు, స్ప్రింగులు తట్టాడు. స్లైడింగ్ డోర్ల కింది పట్టాలలో గోరు పెట్టి గీకాడు. సూర్యలంకకి రెండుసార్లు వెళ్లాం, ఉప్పుగాలికి అక్కడ తుప్పు మొదలైందని నేనే చెప్పాను. ప్రతిసారీ తిరిగొచ్చిన రోజే మంచినీళ్లతో కడిగినా కొంత పట్టింది. అతను తల ఊపి, పైపైనే ఉందన్నాడు.

ఈలోపు పెద్దాయన అరుగు మీద కూర్చుని నోట్‌బుక్ తిరగేస్తున్నారు. ఒక పేజీ కూడా వదల్లేదు. కళ్లద్దాలు పైకి జరిపి, "గిన్ని లెక్కలు ఎవలు రాస్తరు బిడ్డా?" అన్నారు. తర్వాత సెప్టెంబరు 13 పేజీ దగ్గర ఆగి, ఆ మూల చూపించమన్నారు. డిక్కీ తెరిచాను. అతుకు గీత మీద బొటనవేలు అటూ ఇటూ నడిపించారు. ఏమీ అనలేదు.

పెద్దావిడ అడిగిన ప్రశ్నలు వేరు. సొరుగు లాగితే తన మోకాలికి ఎంత ఎత్తులో ఉంటుంది, ఉప్మా కలిపేటప్పుడు స్టవ్ కదులుతుందా, రాత్రి లేవాల్సి వస్తే లైటు స్విచ్ ఏ చేతికి అందుతుంది. మంచం బిగించి చూపించాను. సీటు తీసి మంచం వేయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ చెప్పులు విడిచి ఎక్కి పడుకున్నారు, ఒకవైపు తిరిగారు, లేచి కూర్చున్నారు. తల పైన తగల్లేదు. రెండు సంగతులు ఆవిడకి గట్టిగా చెప్పాను. బ్యుటేన్ డబ్బా స్టవ్ బండి బయట, సొరుగు పూర్తిగా లాగినప్పుడే వెలిగించాలి, వానొచ్చినా లోపల వద్దు. పడుకునేటప్పుడు రెండు కిటికీలు రెండేసి వేళ్లు తెరిచి ఉంచాలి.

వెనక సీటు తీసి తిరిగితే ఆర్‌సీతో తేడా వస్తుందని, మమ్మల్ని నాలుగేళ్లలో ఎవరూ ఆపకపోయినా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ప్రశ్నించవచ్చని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. దూరప్రయాణానికి ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి అడుగుతానన్నారు.

బేరం రెండు నిమిషాల్లో అయిపోయింది. బండి 2,85,000, సామాను 57,000. మొత్తం 3,42,000. టోకెన్ పదివేలు.

అక్టోబరు 2, గురువారం, దసరా

పండగ రోజే బండి తీసుకెళ్తామన్నారు. నేను చేతులు జోడించి వద్దన్నాను. బండి ఎవరి చేతిలో ఉన్నా, ఆర్‌సీలో పేరున్నవాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం భారం వాళ్లదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవాళ గాంధీ జయంతి కూడా, ఏ ఆఫీసూ తెరవదు. కాగితం ముందు, తాళం తర్వాత.

ఆయన నొచ్చుకోలేదు. "పూజ ఇవ్వాళ చేసుకుంటం, బండి మల్ల తీస్కపోతం" అన్నారు. ఇద్దరూ పొద్దున్నే రైలెక్కి వచ్చారు. మా వాకిట్లోనే బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నాతోనే అడుగు ముందుకు నడిపించారు. పాప హారతి పట్టింది. జమ్మి ఆకు ఇచ్చి మా ఆయనా ఆయనా అలాయ్ బలాయ్ తీసుకున్నారు. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం చేశారు.

అక్టోబరు 6, సోమవారం. మీటరు 61,701 కి.మీ.

హనుమకొండ రవాణా ఆఫీసులో స్లాట్. తెల్లవారుజామున నాలుగున్నరకి నేనూ మా ఆయనా బయల్దేరాం. ఐదు సీట్లూ బిగించి, సామాను విప్పి వెనక కట్టాం. అది మా ఆఖరి ప్రయాణం. జనగామ దాటాక పొద్దుపొడిచింది. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

కాగితాలు అన్నీ ఒక ఫైలులో పెట్టుకున్నాను: ఆర్‌సీ, బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29 రెండు కాపీలు, పేరు మార్పు దరఖాస్తు ఫారం 30, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్, పాన్. బ్యాంకు లోను 2022లోనే తీరింది, ఫారం 35 ఇచ్చి ఆర్‌సీలో హైపోతికేషన్ (బండి మీద బ్యాంకు హక్కు) అప్పుడే తీయించాం. అది చేయనివాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు, పక్క వరుసలో ఒకాయన ఆ కాగితం లేక వెనక్కి వెళ్లిపోవడం చూశాను. చలాన్లు నిన్న రాత్రే చూసుకున్నాను, ఒకటి ఉంటే కట్టేశాను. డబ్బు ఉదయమే ఖాతాలో పడింది. దరఖాస్తు తీసుకున్న రసీదు చేతికొచ్చాకే తాళాలు రెండూ ఇచ్చాను. తేదీ, సమయం, మీటరు అంకె రాసిన డెలివరీ కాగితం మీద ఇద్దరం సంతకాలు పెట్టాం.

నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండితో పోదు, మనతోనే ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి లెటర్ తీసుకోవాలి, మూడేళ్లలోపు ఇంకో బండికి వాడుకోవచ్చు. పాలసీ ఆయన పేరుకి మార్చుకోవడానికి 14 రోజులే గడువని పెద్దాయనకి చెప్పాను. ఫాస్టాగ్ వాళ్ల ఇంటికి చేరాక పీకేసి, ఖాతా మూయించాను.

నోట్‌బుక్ ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి రాలేదు. ఇచ్చాను. కాజీపేటలో రైలెక్కాం.

అక్టోబరు 18, శనివారం

ఆర్‌సీ ఆయన పేరు మీదికి మారిందని మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. ఫారం 29 కాపీ పక్కన ప్రింటు తీసి పెట్టాను.

రాత్రి ఎనిమిదింటికి హనుమకొండ నుంచి ఫోన్. మంచం వాళ్లంతట వాళ్లే బిగించుకున్నారట, గంటా పది నిమిషాలు పట్టిందట. రేపు రామప్పకి వెళ్దామని అన్నీ సర్దితే ఫ్యాన్ తిరగడం లేదు, లైట్లు మాత్రం వెలుగుతున్నాయి.

"బ్యాటరీ పెట్టె కుడివైపు చిన్న నల్ల మూత ఉంటుందండి. తీస్తే ఆరు ఫ్యూజులు కనిపిస్తాయి. పై నుంచి మూడోది ఎర్రది, 10 ఆంపియర్లది. బయటికి లాగి వెలుతురులో చూడండి."

అటువైపు టార్చిలైటు కోసం వెతుకుతున్న చప్పుడు. పెద్దావిడ ఏదో అన్నారు. "తీగె తెగిందమ్మా" అన్నారాయన.

"నోట్‌బుక్ వెనక అట్టకి కవరు అంటించి ఉంది చూడండి. అందులో ఎర్రవి రెండు ఉండాలి."

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఆయన ఏమీ చెప్పకుండా ఫోను ఫ్యాన్ దగ్గర పెట్టారు.